బ్యారెల్‌లో సీసం పేరుకుపోతోంది, మిశ్రమాన్ని గట్టిపరిస్తే తగ్గుతుందా?

కొత్తపోత:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి పాత చర్చలు చదువుతున్నాను, అడగడం మాత్రం ఇదే మొదలు. లైసెన్స్ ఉన్న .38 స్పెషల్ రివాల్వర్‌కి ఇంట్లోనే బుల్లెట్లు పోసుకుంటున్నాను. అచ్చు అల్యూమినియంది, ఒకేసారి రెండు బుల్లెట్లు వస్తాయి, 158 గ్రెయిన్ల బరువున్న, ముక్కు మొద్దుగా ఉండే సెమీ వాడ్‌కట్టర్. సీసమేమో టైర్లకు కొట్టే పాత బ్యాలెన్సింగ్ వెయిట్లు కరిగించి తీసింది. పోసినవాటిని 0.357 అంగుళం సైజర్‌లో (కొలతకు నొక్కే అచ్చులో) తోసి, ద్రవ లూబ్ (జారుడు పూత) పూసి ఆరబెడుతున్నాను.

రెండు ఇబ్బందులు. మొదట వచ్చే బుల్లెట్ల ఒంటినిండా ముడతలు, అడుగు అంచు పదునుగా రాకుండా గుండ్రంగా మిగిలిపోతోంది. ఇంకొకటి, కొద్దిసేపు కాల్చేసరికి తూటాలుండే సిలిండర్ దాటిన వెంటనే, బ్యారెల్ మొదట్లో సీసం పేరుకుపోతోంది. బ్రష్‌తో ఎంత గీకినా ఒక పట్టాన రావట్లేదు. అచ్చాఫీసుల్లో అక్షరాలు పోసే పాత లైనోటైప్ లోహం కొంత దొరికేలా ఉంది. అది కలిపి గట్టిపరిస్తే సరిపోతుందా?

పాతఅచ్చు:
రెండూ వేర్వేరు సమస్యలండీ, కలిపి ఆలోచించకండి. ముందు ముడతల సంగతి చూద్దాం.

అచ్చు చల్లగా ఉంటే సీసం గోడకు తగిలీతగలగానే పైపొర గడ్డకడుతుంది. వెనకాల వచ్చే సీసం ఆ పొరను నెడుతుంది, అప్పుడు పాల మీద మీగడ ముడతపడ్డట్టు ముడతలు వస్తాయి. దీనికి ఇంకో కారణం నూనె. కొత్త అచ్చులకు తుప్పు పట్టకుండా, గీతలు పడకుండా ఫ్యాక్టరీలోనే నూనె పూసి పంపుతారు. వేడినీళ్లు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో లోపలి గాడులన్నీ తోమి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరిందనుకున్నాక ఇంకాసేపు ఆరనివ్వండి, ఎందుకో మోడరేటర్ గారు ఎలాగూ చెప్తారు.

పోయడానికి ముందు అచ్చు మూలను కరిగిన సీసంలో ముంచి పట్టుకోండి. మొదట సీసం దానికి అంటుకుని గడ్డలా వస్తుంది. అచ్చు వేడెక్కాక బయటికి తీస్తే ఏమీ అంటకుండా శుభ్రంగా వస్తుంది. అప్పుడు మొదలుపెట్టండి. సీసం కరిగించే పాట్ వేడి 370 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. సీసం 327 దగ్గరే కరిగినా, అచ్చు మూలమూలకూ పారాలంటే ఆ పైవేడి కావాలి.

తర్వాతదంతా చేతి లయ. స్ప్రూ ప్లేట్ (అచ్చు పైన సీసం పోసే రంధ్రమున్న, జరిపితే మిగులును కోసే రేకు) మీద మిగిలే సీసపు చుక్కను గమనించండి. పోయగానే గడ్డకడితే అచ్చు ఇంకా చల్లగా ఉన్నట్టు. నాలుగైదు సెకన్లు ద్రవంగా మెరిసి, ఒక్కసారిగా మసకబారితే సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు కోస్తే కోత నున్నగా వస్తుంది. తెరిచినప్పుడు సీసం పులుముకుంటే అచ్చు కాలిపోతోందని అర్థం, కాస్త ఆగండి. బుల్లెట్ ఒళ్లంతా మెరుపు లేకుండా బూడిదతెలుపు రంగులో వచ్చినా వేడి ఎక్కువైనట్టే, అయితే అలా వచ్చినవి కాల్చడానికి పనికొస్తాయి. ముడతలవి మాత్రం మళ్లీ పాట్‌లోకే.

అడుగు అంచు గురించి ఒక మాట. ముక్కు కాస్త వంకరగా ఉన్నా బుల్లెట్ దారి పెద్దగా తప్పదు. అడుగు చెడితే గురి చెడుతుంది, ఎందుకంటే బ్యారెల్ వదిలేటప్పుడు చివరిగా బయటపడేది అదే. పోసేటప్పుడు స్ప్రూ మీద చుక్క ధారాళంగా నిలిచేలా పోయండి. బుల్లెట్ చల్లారి కుంచించుకునేటప్పుడు పైనున్న ఆ చుక్కలోంచే సీసం లాక్కుంటుంది.

మోడరేటర్:
చెప్తాను. కరిగిన సీసంలోకి తడి పోకూడదు. నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. ఒక్క చుక్క సీసం కిందకి చిక్కుకున్నా పాట్‌లో ఉన్నదంతా పైకి చిమ్ముతుంది. తడి ఉందేమోనన్న అనుమానం ఉన్న పాత సీసాన్ని చల్లటి పాట్‌లో వేసి, దాంతోపాటే వేడి చేయాలి. కరిగినదాంట్లో పడేయకూడదు. పూర్తి చేతుల చొక్కా, తోలు చేతితొడుగులు, ముఖం మొత్తం కప్పే షీల్డ్, పాదాలు పూర్తిగా కప్పే తోలు బూట్లు లేకుండా ఎవరూ గరిటె పట్టుకోవద్దు.

ఇంకొకటి, బుల్లెట్ తయారీకి, మందుగుండు దాచుకోవడానికి ఎక్కడికక్కడ చట్టాలు వేరు. మీ దగ్గర అనుమతి ఉందో లేదో ముందు చూసుకునే మొదలుపెట్టండి. ఈ చర్చ పోతకీ లూబ్‌కీ పరిమితం. తూటాలో వేసే మందు కొలతలు ఇక్కడ రాయవద్దు, అవి ముద్రిత రీలోడింగ్ (తూటాలు మళ్లీ నింపుకునే) మాన్యువల్స్‌లో చూసుకోండి.

గురి_కుదిరితే:
లైనోటైప్ మాటకొస్తే, ఇప్పుడే కొనకండి అన్నా. "సీసం అంటుకుంటోంది, గట్టిపరుద్దాం" అనేదే అందరికీ ముందు తట్టే ఆలోచన. మీ లక్షణాలు చూస్తే మాత్రం బుల్లెట్ సన్నగా ఉందనిపిస్తోంది.

మీ దగ్గరున్న టైరు వెయిట్ల సీసం బ్రినెల్ గట్టితనపు కొలతలో సుమారు 12 ఉంటుంది. శుద్ధ సీసం 5. లైమన్ నంబర్ 2 మిశ్రమం, అంటే 90 పాళ్లు సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ, సుమారు 15. లైనోటైప్‌లో 84 సీసం, 12 యాంటిమొనీ, 4 తగరం, అది 22 దాకా పోతుంది. .38 స్పెషల్ ఒత్తిడికి 12 చాలు, అంతకంటే మెత్తనిదైనా నడుస్తుంది.

సీసం ఎలా అంటుకుంటుందో చూడండి. బుల్లెట్ బ్యారెల్ లోపలి మెలి గాడుల కంటే సన్నగా ఉంటే వెనకున్న వేడి గ్యాస్ పక్కల్లోంచి ముందుకు దూసుకుపోతుంది. పోతూపోతూ బుల్లెట్ ఒంటిని కోసి, ఆ సీసాన్ని బ్యారెల్ గోడకు పులుముతుంది. బుల్లెట్ మెత్తగా ఉంటే ఒత్తిడికి అడుగు కాస్త ఉబ్బి ఆ సందు మూసేస్తుంది. మీరు లైనోటైప్ కలిపితే ఆ ఉబ్బు కూడా పోతుంది. అంటే సన్నగా ఉన్న బుల్లెట్‌ను గట్టిపరిస్తే సీసం తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ.

ముందు కొలవండి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని సిలిండర్ బయటికి తీయండి. శుద్ధ సీసపు గుండు ఒకటి, బ్యారెల్ కంటే కొంచెం లావుది తీసుకుని, నూనె రాసి, ఇత్తడి కడ్డీతో మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తోయండి. బయటికొచ్చిన దానిమీద గాడుల అచ్చు పడి ఉంటుంది. దాన్ని మైక్రోమీటర్‌తో కొలవాలి, వెర్నియర్ కాలిపర్‌ని ఇంత సన్న తేడాకి నమ్మొద్దు. గాడులు ఐదుంటే ఎదురెదురుగా రావు కాబట్టి మామూలు మైక్రోమీటర్‌తో కొలత తప్పుతుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి. ఆ తర్వాత సిలిండర్‌లో ఒక్కో గది ముందున్న రంధ్రాన్నీ విడివిడిగా కొలవండి. రివాల్వర్‌లో అసలు కొలత అదే. బుల్లెట్ ఆ రంధ్రంలోంచి వేలితో నొక్కితే కాస్త బిగువుగా దిగాలి. జారి పడిపోతే సన్నం, కడ్డీ పెట్టి కొట్టాల్సి వస్తే లావు.

నల్లమందు:
గురి గారు చెప్పింది కొత్త సంగతేమీ కాదు. 1840ల చివర్లో ఫ్రెంచ్ సైనికాధికారి మినియే పేరుమీద వచ్చిన బుల్లెట్ మొత్తం ఈ సూత్రం మీదే నడిచింది. నోటినుంచి మందు కూరే రైఫిల్‌లో సులువుగా దిగేలా బుల్లెట్‌ను కావాలనే సన్నగా, మెత్తటి సీసంతో, అడుగు బోలుగా చేశారు. కాల్చగానే ఆ బోలు అడుగు విచ్చుకుని గాడులను పట్టుకునేది. అదే బుల్లెట్‌ను గట్టి మిశ్రమంతో పోస్తే విచ్చుకోదు, గురి ఉండదు. నేను ఈరోజుకీ నా మజిల్‌లోడర్‌కి (నోటినుంచి మందు కూరే తుపాకీకి) శుద్ధ సీసమే వాడతాను, తగరం కూడా కలపను.

కొత్తపోత:
చాలా థాంక్స్. కొలిచి చెప్తాను. మధ్యలో ఇంకో రెండు ప్రశ్నలు. సీసం కరిగాక పైన బూడిదరంగు పొర కడుతోంది, దాన్ని చెత్త అనుకుని తీసి పడేస్తున్నాను, సరేనా? మా షెడ్‌లో పాత కారు బ్యాటరీ కూడా ఉంది, దాని సీసం వాడుకోవచ్చా?

పాతఅచ్చు:
బ్యాటరీ జోలికి అసలు వెళ్లకండి. ఇందులో మినహాయింపులేవీ లేవు. లోపల గంధకామ్లం ఉంటుందన్నది సరే, అసలు ప్రమాదం వేరే. ప్లేట్లలో యాంటిమొనీ, ఆర్సెనిక్ ఉంటాయి, ఇప్పటి బ్యాటరీల్లో క్యాల్షియం కూడా కలుపుతారు. వాటిని కరిగించగా వచ్చిన తెట్టుకు తర్వాత ఎప్పుడో తేమ తగిలినా ఆర్సీన్, స్టిబీన్ అనే వాయువులు పుట్టొచ్చు. రెండూ ప్రాణాంతకాలు. అలాగే రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి.

ఇక తెట్టు. మీరు తీసి పడేస్తున్నదాంట్లో మీ తగరం ఉంది. పైన కట్టేది గాలి తగిలి ఆక్సైడ్ అయిన లోహం. అందులో తగరమే ముందు ఆక్సైడ్ అవుతుంది, వేడి 400 దాటితే ఇంకా వేగంగా. అచ్చులోకి సీసం చక్కగా పారేలా చేసేది ఆ ఒకటి రెండు శాతం తగరమే. దాన్ని పడేస్తే అడుగు అంచులు గుండ్రంగా రాక ఏం వస్తాయి?

బాగా ఎండిన రంపపు పొట్టు ఒక గుప్పెడు పైన చల్లండి. పొగ వస్తుంది, కాలి నల్లబడుతుంది. ఎండిన చెక్క పుల్లతో అడుగునుంచీ కలుపుతూ, పాట్ గోడలు గీకుతూ ఉండండి. ఆ బొగ్గు ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటే తగరం మళ్లీ లోహమై సీసంలో కలుస్తుంది. కాసేపటికి పైన అద్దంలా మెరిసే సీసం, దానిమీద నల్లటి పొడి మిగులుతాయి. ఆ పొడినే తీయాలి. తేనెమైనం ముక్క వేసినా ఇదే పని జరుగుతుంది, కాకపోతే దాని పొగ గుప్పున మండుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి.

చేతిలో_సైడ్‌కట్టర్:
టైరు వెయిట్లు అన్నారు కాబట్టి జింక్ గురించి చెప్పాలి. ఇప్పుడొచ్చే వెయిట్లలో చాలావరకు సీసం లేదు, ఇనుమో జింకో. ఒక్కొక్కటీ సైడ్ కట్టర్‌తో నొక్కి చూడండి. సీసంలో కట్టర్ దిగిపోతుంది, జింక్‌లో గీత పడి ఆగిపోతుంది. కొన్నిటి మీద జెడ్ఎన్ (జింక్), ఎఫ్ఈ (ఇనుము) అక్షరాలు పోసి ఉంటాయి. కంటికి ఆనకుండా తప్పించుకున్నవాటికి వేడే ఉపాయం. జింక్ 419 డిగ్రీల దాకా కరగదు. పాట్‌ను 350 దగ్గర పట్టి ఉంచితే సీసం కరిగి, జింకూ ఇనుప క్లిప్పులూ గట్టిగానే పైకి తేలుతాయి. చిల్లుల గరిటెతో ఎత్తేయడమే. తొందరపడి మంట పెంచితే జింక్ కరిగి కలుస్తుంది, పైన పలుకులు పలుకులుగా జావలా కడుతుంది, బుల్లెట్ అంచులు నిండవు. ఏ పొట్టు చల్లినా జింక్ బయటికి రాదు.

ల్యాబ్‌కోటు:
నేను వైద్యరంగంలో ఉన్నాను, పోత కూడా చేస్తాను. ఇక్కడ అందరూ పొగ గురించి భయపడతారు కానీ, చేతుల గురించి పట్టించుకోరు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర. మనం పనిచేసే 400 దగ్గర వచ్చే సీసపు ఆవిరి చాలా తక్కువ. గాలి ధారాళంగా ఆడే చోట పోస్తే పొగతో వచ్చే ముప్పును అదుపులో పెట్టొచ్చు. ఒంట్లోకి వెళ్లేది ఎక్కువగా పొడి. తెట్టు తీసినప్పుడు లేచే సన్నటి ఆక్సైడ్ పొడి చేతులకు, బట్టలకు, బల్లకు, బూట్ల అడుగుకు పడుతుంది. అక్కడినుంచి టీ కప్పుకి, ఫోన్‌కి, తలుపు గడియకి, చివరికి పిల్లాడి చేతికి.

ఒకసారి ఒంట్లో చేరిన సీసం రక్తంలో నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది, బాగానే ఉందనిపిస్తుంది. కానీ అందులో కొంత ఎముకల్లోకి చేరి దశాబ్దాలు ఉండిపోతుంది. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పదగ్గ మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పిల్లల విషయంలో అప్రమత్తం కావాల్సిన స్థాయిని 2021లో డెసిలీటర్ రక్తానికి 3.5 మైక్రోగ్రాములకు దించింది. పిల్లల మెదడు ఎదుగుదల మీద దాని ప్రభావం తిరిగి సరిదిద్దలేనిది.

అందుకని నేను పాటించేవి చెప్తాను. పోత చోటికి పిల్లలు, గర్భిణులు రారు, నేను లేనప్పుడు కూడా. పోత బట్టలు, బూట్లు అక్కడే ఉంటాయి, బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకను. అక్కడ తినను, తాగను, ఫోన్ ముట్టుకోను. చీపురు పట్టను, తడిగుడ్డతో తుడుస్తాను. తెట్టు తీసేటప్పుడు సన్నటి పొడిని ఆపే పీ100 ఫిల్టర్ ఉన్న మాస్క్ పెట్టుకుంటాను. తెట్టును మూత బిగుసుకునే ఇనుప డబ్బాలో వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట ఇస్తాను. చేతులు సీసం వదిలించే ప్రత్యేకమైన సబ్బుతో కడుగుతాను, మామూలు సబ్బుకు సీసం పూర్తిగా వదలదు. ఒకసారి సీసానికి వాడిన గిన్నె, గరిటె, స్టవ్ మళ్లీ వంటింటి ముఖం చూడకూడదు.

ఏడాదికి ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. మొదలుపెట్టక ముందే ఒకటి చేయించుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. ఇండోర్ రేంజ్‌లో కాల్చేవాళ్లకు ఇది ఇంకా అవసరం.

కొత్తపోత:
ల్యాబ్‌కోటు గారూ, మీ పోస్ట్ ప్రింట్ తీసి షెడ్‌లో అంటిస్తున్నాను. పరీక్షకి ఈ వారమే వెళ్తాను.

మైనం_మనిషి:
లూబ్ గురించి ఎవరూ ఎత్తలేదు, నేను మొదలుపెడతాను. ద్రవ లూబ్ చెడ్డదని కాదు, కానీ ఒంటిచుట్టూ గాడులున్న మామూలు బుల్లెట్‌కి గాడి నిండా మైనం ఉండాలన్నది నా గట్టి నమ్మకం. కాల్చినప్పుడు ఆ మైనం మెత్తబడి బుల్లెట్‌కి, గోడకి మధ్య సన్నటి పొరలా పరుచుకుంటుంది. మిగిలిన చిన్న చిన్న సందుల్ని కూడా పూడుస్తుంది.

పాతకాలం నుంచీ నిలబడింది సగం తేనెమైనం, సగం ఆలాక్స్ 2138ఎఫ్ అనే పెట్రోలియం లూబ్. తేనెమైనం 62, 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. దాన్ని నేరుగా మంటమీద పెట్టొద్దు, అంటుకుంటుంది. ఒక గిన్నెలో నీళ్లు కాచి, అందులో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. ఈ పని సీసం కరిగించే బల్ల మీద మాత్రం వద్దు, నీళ్లున్నాయి కదా.

పూయడానికి మెషీన్ లేకపోయినా ఫర్వాలేదు. అంచు తక్కువ ఎత్తున్న పళ్లెంలో బుల్లెట్లను అడుగు కిందికి పెట్టి, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టండి. కరిగిన లూబ్‌ను పళ్లెం పక్కనుంచి మెల్లగా పోయండి, బుల్లెట్ల మీదుగా కాదు. పై గాడి మునిగేదాకా వచ్చాక ఆపేయండి. కదపకుండా చల్లారనివ్వండి. పూర్తిగా చల్లారితే మైనం విరుగుతుంది, ఇంకా వెచ్చగా ఉంటే గాడిలోంచి ఊడి వస్తుంది. వేలికి చల్లగా తగిలినా ఇంకా కాస్త వంగేలా ఉన్నప్పుడు సరైన సమయం. అప్పుడు బుల్లెట్ మందానికి సరిపోయే ఇత్తడి గొట్టాన్ని, ఖాళీ తూటా కేస్ తల కోసి చేసుకున్నదైనా సరే, పైనుంచి గుచ్చితే బుల్లెట్ గాడి నిండా మైనంతో గొట్టంలోకి వచ్చేస్తుంది. అడుగున ఏమైనా అంటితే గుడ్డతో తుడిచేయండి, అక్కడ మైనం ఉంటే మందు పాడవుతుంది.

నల్లమందు:
బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) వాడేవాళ్లు మైనం గారి ఆలాక్స్ వంటకం వాడొద్దు. పెట్రోలియం సరుకు బ్లాక్ పౌడర్ మసితో కలిస్తే తారులా గట్టిపడి, తర్వాతి గుండు దిగదు. తేనెమైనంలో గొర్రె కొవ్వు కలుపుకోండి. మసి మెత్తగా ఉంటుంది, నీళ్లతో కడిగితే పోతుంది. వేసవిలో మైనం పాలు పెంచుతాను, చలికాలంలో కొవ్వు పాలు.

రంగుపూత:
నేను మైనం మానేసి పౌడర్ కోటింగ్‌కి వచ్చేశాను. ప్లాస్టిక్ డబ్బాలో బుల్లెట్లు, పాలియెస్టర్ పౌడర్, కొన్ని ప్లాస్టిక్ ఎయిర్‌సాఫ్ట్ గుళ్లు వేసి గిలకొట్టడమే. స్థిర విద్యుత్తుతో పొడి అంటుకుంటుంది. 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు కాల్చాలి, పౌడర్ డబ్బా మీద రాసిన వేడిని కూడా చూసుకోండి. ఈ పనికి విడిగా ఓవెన్ ఉండాలి. పొగ తక్కువ, చేతికి జిడ్డు అంటదు, చేతికీ సీసానికీ మధ్య ఒక పొర ఉంటుంది. సరిగ్గా కాలిందో లేదో చూడటానికి ఒక బుల్లెట్‌ను సుత్తితో నలగ్గొట్టండి, పూత పెచ్చులుగా ఊడకూడదు.

మైనం_మనిషి:
పొగ తక్కువన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ పూత వల్ల వ్యాసం పెరుగుతుంది, ఒక్కో పొరకు సుమారు 0.001 నుంచి 0.002 అంగుళం. పూత తర్వాత మళ్లీ సైజర్‌లో తోయాలి. ఓవెన్ వేడికి, నీళ్లలో పడేసి గట్టిపరిచిన బుల్లెట్ల గట్టితనం కూడా పోతుంది. నేను నా పళ్లేన్ని వదలను.

రంగుపూత:
పెరిగే ఆ వ్యాసమే సన్నగా వచ్చే అచ్చులకు వరం కదండీ. ఎవరి తుపాకీకి ఏది కుదిరితే అది.

కొత్తపోత:
కొలిచాను. గాడుల దగ్గర 0.357. సిలిండర్ రంధ్రాలు అన్నీ 0.3585 దగ్గరే ఉన్నాయి. అచ్చులోంచి వచ్చిన బుల్లెట్ 0.359, అంటే చక్కగానే వస్తోంది. సైజర్‌లో తోసి 0.357కి నేనే సన్నం చేస్తున్నాను. వేలితో నొక్కకుండానే రంధ్రంలోంచి జారి పడిపోతోంది, గురి గారు చెప్పినట్టే. పొట్టు చల్లి కలిపాక అడుగులు కూడా పదునుగా వస్తున్నాయి. సైజర్ పక్కనపెట్టి, పోసినవి పోసినట్టే లూబ్ పూసి వాడనా?

గురి_కుదిరితే:
పట్టుకున్నారు! ముందు మందు లేని, ప్రైమర్ (మందును అంటించే మూత) లేని డమ్మీ తూటా ఒకటి చేసి సిలిండర్‌లోని ప్రతి గదిలోనూ పెట్టి చూడండి. తనంతట తాను దిగి, తనంతట తాను బయటికి రావాలి. ఎక్కడైనా బిగిస్తే 0.3585కి తోసే సైజర్ చేయించుకోండి, 0.358ది పాలిష్ చేసి పెద్దది చేసుకున్నా సరే. బుల్లెట్ కొలత మారింది కాబట్టి పాత లోడ్‌నే (మందు కొలతనే) కొనసాగించకుండా, మీ మాన్యువల్‌లో మొదటి కొలత దగ్గరకి దిగి అక్కడినుంచి మళ్లీ రండి.

పాతఅచ్చు:
కొత్తవి కాల్చే ముందు బ్యారెల్‌లో ఉన్న పాత సీసం పూర్తిగా తీసేయాలి. లేకపోతే కొత్త సీసం దాని మీదే అంటుతుంది, తేడా తెలియదు. రాగి పీచు కొన్ని పోగులు తీసి పాత బ్రష్‌కి చుట్టి, బిగువుగా తోయండి, రేకులు రేకులుగా ఊడి వస్తుంది. కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే అది రాగి పూత పూసిన ఉక్కు, బ్యారెల్‌ను గీస్తుంది. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పోయమని కొందరు చెప్తారు, వద్దు. దాంతో చర్మంలోంచి ఇంకే విషపూరితమైన లెడ్ అసిటేట్ తయారవుతుంది, ఉక్కునూ తినేస్తుంది. రాగి జాకెట్ బుల్లెట్లు కాల్చి సీసం తోసేద్దామనీ అనుకోకండి, ఇరుకైన చోట ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. ఊడి వచ్చిన రేకుల్ని తడిగుడ్డతో ఎత్తి తెట్టు డబ్బాలో వేయండి.

లైనోటైప్ దొరికితే మాత్రం వదలొద్దు. మీ .38కి అక్కర్లేదు గానీ, మెత్తటి సీసంలో కొద్దిగా కలిపితే తగరం, యాంటిమొనీ రెండూ ఒకేసారి దొరుకుతాయి. దిమ్మలుగా పోసి, మీద పేరు చెక్కి, విడిగా పెట్టుకోండి.